అమ్మమ్మ జీవితాన్ని పుస్తకంగా కూర్చడం: మొదటి జ్ఞాపకార్థ కూడిక నాటికి ఏమేమి చేయాలి

మన క్రైస్తవ కుటుంబాల్లో పెద్దావిడ ప్రభువునందు నిద్రించినప్పుడు, భూస్థాపన ఆరాధనలో చదవడానికి ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చినవారెవరో రాత్రికి రాత్రే ఒక పేజీ జీవిత సంగ్రహం రాసి ఇస్తారు. వచ్చిపోయేవాళ్ల మధ్య, ఏడుపుల మధ్య రాసిన ఆ పేజీలో పుట్టిన సంవత్సరం, పెండ్లి అయిన సంవత్సరం, సంతానం పేర్లు, ఆపైన “ప్రార్థనాపరురాలు, భక్తిపరురాలు, అందరినీ ప్రేమించినవారు” అన్న మాటలు ఉంటాయి. అవి అబద్ధాలని ఎవరూ అనరు గాని, పేరు మార్చి పక్క వీధి పెద్దావిడ భూస్థాపనలో చదివినా సరిపోతాయి. ఏడాది తిరిగి జ్ఞాపకార్థ కూడిక జరిగే నాటికి బంధువులు మళ్లీ ఒకచోట చేరుతారు కాబట్టి, ఆలోగా నలభై యాభై పేజీల చిన్న పుస్తకం తేవడం సాధ్యమే. పని ఏ వరసలో చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

వరస గురించే ముందు ఒక మాట చెప్పాలి. సంఘం పుస్తకాల్లో పెద్దల పేర్లు ఉంటాయి, కానుకల పట్టీలో ఇంటి యజమాని పేరు ఉంటుంది, గుడి గోడకు బిగించిన శిలాఫలకం మీద విరాళమిచ్చిన మగవారి పేర్లు ఉంటాయి. పండుగ ముందు గుడి అలికి ముగ్గు పెట్టినవారి పేరు, ఊళ్లు తిరిగి వచ్చిన పాస్టరుగారికి రాత్రి పదింటికి అన్నం వండిపెట్టినవారి పేరు, జ్వరం వచ్చిన ఇంటికి వెళ్లి తెల్లవార్లూ కూర్చున్నవారి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. అందుచేత కాగితాలతో మొదలుపెట్టినవారి చేతిలో చివరికి తాతయ్య పుస్తకం తయారవుతుంది. మీరు మనుషులతో మొదలుపెట్టండి, కాగితాల దగ్గరకు తరువాత వెళ్లండి.

మొదటి పని: బాధ్యత ఒకరికి అప్పగించడం

రాసేవారు పదిమంది ఉన్నా, చివరి ప్రతి ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఎవరి జ్ఞాపకం ఎంత కుదించాలి, ఏ ఫొటో వదిలేయాలి అన్న నిర్ణయాలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఎన్నటికీ తేలవు. ఖర్చు ఎవరెవరు పెట్టుకుంటారో కూడా మొదటి రోజే మాట్లాడుకోండి. ముద్రణకు, దిద్దుబాట్లకు కలిపి చివరి రెండు నెలలు పక్కన పెట్టుకొని, మిగిలిన కాలాన్ని సేకరణకు, రాతకు పంచుకోండి.

రెండవ పని: మాట్లాడవలసినవారి దగ్గరకు వెళ్లడం

జాబితా దగ్గరి చుట్టరికాన్ని బట్టి కాకుండా వయసును బట్టి వేసుకోండి. అమ్మమ్మ చెల్లెలు, తోటికోడలు, ఆమెతో కలిసి కోతలకు, నాట్లకు వెళ్లినవారు, స్త్రీల సమాజంలో ఆమె పక్కన కూర్చున్నవారు, ఒకప్పుడు ఆ సంఘంలో ఉండి బదిలీ అయిన పాస్టరమ్మగారు ముందు వరసలో ఉండాలి. వీరిలో కొందరు వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చు. పిల్లలు, మనుమలు ఎక్కడికీ పోరు, వారితో తరువాతైనా మాట్లాడవచ్చు. పక్కింటి హిందూ, ముస్లిం కుటుంబాల పెద్దలను వదలవద్దు. సంఘంలో అందరూ చెప్పే మాటే చెబుతారు గాని, మీ అమ్మమ్మ క్రిస్మసు పిండివంటలు ఎవరెవరికి పంపేదో, సంక్రాంతికి అటునుంచి ఏమి వచ్చేదో, ఎవరి పురుడుకు సాయం వెళ్లిందో చెప్పగలిగినవారు వారే.

“అమ్మమ్మ ఎలాంటిది?” అని అడిగితే “దేవత లాంటిది బాబూ” అన్న జవాబు వస్తుంది, అక్కడితో మాట ఆగిపోతుంది. పనిని గురించి, చోటును గురించి, వేళను గురించి అడగండి. ఆదివారం ఎన్నింటికి లేచేది, గుడికి బయలుదేరేలోగా పొయ్యి మీద ఏమి పెట్టేది, ఎన్నో గంట కొట్టాక ఇంటినుంచి కదిలేది, గుడిలో ఏ కిటికీ పక్కన చాప వేసుకునేది, ఆమె లేని ఆదివారం పాట ఎవరు ఎత్తుకునేవారు, కానుకకు డబ్బు లేని వారం ఏమి తీసుకెళ్లేది? ఇలాంటి ప్రశ్నకు జవాబుగా ఒక సంగతి వస్తుంది, దాని వెనుకే మరొకటి వస్తుంది. చాలా ఊళ్లలో ఆడవాళ్లు అన్నానికి బియ్యం పోసుకున్నప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నిండాక గుడికి ఇచ్చేవారు. ఆ కుండ ఎక్కడ ఉండేది, కరువు రోజుల్లో కూడా వేసేదా, అందుకు ఇంట్లో ఎవరైనా కోప్పడ్డారా అని అడిగి చూడండి. పేదరికం, భక్తి, అత్తగారి పెత్తనం అన్నీ ఆ ఒక్క కుండ కథలోనే బయటపడతాయి.

ఇద్దరు ముసలివాళ్లను ఒకేచోట కూర్చోబెట్టడం మంచి పద్ధతి. ఒకరు చెప్పింది రెండవవారు “అది కాదే, అప్పటికి నీ పెద్దోడు పుట్టలేదు” అని సరిచేస్తారు, మీకు తెలియకుండానే తేదీ దొరుకుతుంది. ఫోనులో రికార్డు చేస్తున్నామని ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఫ్యాను కింద కాకుండా, మాట్లాడేవారికి మూరెడు దూరంలో, మెత్తటి గుడ్డ మీద ఫోను పెట్టండి. మొదట పేరు, ఊరు, తేదీ మీ గొంతుతోనే చెప్పి మొదలుపెడితే, ఏ ఫైలు ఎవరిదో తరువాత వెతుక్కోనక్కరలేదు. ఆమెకు ఇష్టమైన కీర్తన పేరు చెబితే రాసుకొని ఊరుకోవద్దు, పాడమని అడగండి. ఒకే కీర్తనను ఊరికొక రాగంతో పాడిన తరం అది. ఆ రాగం కీర్తనల పుస్తకంలో అచ్చుకాలేదు, ఇప్పటి కీబోర్డు వాయిద్యంలోనూ వినబడదు.

దూరాన ఉన్నవారితో, అంటే హైదరాబాదులోనో, గల్ఫులోనో, అమెరికాలోనో ఉన్న మేనమామలతో, పిన్నులతో, వీడియో కాల్‌లో మాట్లాడవచ్చు. అయితే కాల్ చేసే ముందు రెండు పాత ఫొటోలు పంపి, వాటిని చూస్తూ మాట్లాడమనండి. లేకపోతే కాలమంతా కుశల ప్రశ్నలకే సరిపోతుంది.

మూడవ పని: సంవత్సరాలు తేల్చుకోవడం

ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటే అది పుట్టినరోజని నమ్మవద్దు. తేదీ తెలియక వయసు మాత్రమే చెప్పినవారికి ఆ సంవత్సరం జనవరి 1 వేయడం ఆధార్ నమోదులో మామూలే, ఆ వయసు కూడా ఉజ్జాయింపుగా చెప్పిందే అయి ఉంటుంది. పెద్దవాళ్లు సంవత్సరాలను అంకెలతో గుర్తుంచుకోలేదు, జరిగిన సంగతులతో గుర్తుంచుకున్నారు. కాబట్టి అందరికీ తెలిసిన ఘటనలను గుంజల్లా పాతుకొని, ఆమె జీవితాన్ని వాటికి కట్టండి. తెలంగాణ వైపు వారికి 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య, 1969 ఉద్యమం పనికొస్తాయి. కృష్ణా, గుంటూరు వైపు వారికి 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన, 1957లో ప్రకాశం బ్యారేజీ, 1972 జై ఆంధ్ర ఉద్యమం, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఉన్నాయి. గోదావరి వారెవరూ 1986 ఆగస్టు వరదను మరచిపోరు. కిలో రెండు రూపాయల బియ్యం ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయిన 1983 నాటి మాట. “ఉప్పెనకు మీ అమ్మ చంటిది, నేను దాన్ని చీరకొంగులో కట్టుకున్నాను” అని ఒకరంటే, అమ్మ పుట్టిన సంవత్సరం దాదాపు తేలినట్టే.

పండుగల ఆధారంగా చెప్పే తేదీలకు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఈస్టరు ప్రతి ఏడూ మారుతుంది, మార్చి 22కు ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు. “మట్టల ఆదివారం మరునాడు పెండ్లి అయింది” అని చెప్పినప్పుడు, ఆ సంవత్సరపు ఈస్టరు తేదీ చూసి వారం వెనక్కి లెక్కపెట్టి, దాని మరునాటి తేదీ వేసుకోవాలి. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలమైన శ్రమల దినాల్లో పెండ్లిళ్లు చేయని సంఘాలు చాలా ఉన్నాయి కాబట్టి, అలాంటి మాట వచ్చినప్పుడు ఆ పండుగేనా అని మరొకసారి అడగడం మంచిది.

నాలుగవ పని: సంఘం రిజిస్టర్లు చూడటం

ఇప్పుడు కాగితాల వంతు. బాప్తిస్మం, వివాహం, భూస్థాపన రిజిస్టర్లు సంఘం దగ్గర ఉంటాయి. పాస్టరుగారికి చిన్న ఉత్తరం రాసి, ఏ పేరు, సుమారు ఏ సంవత్సరం, ఎందుకోసం అన్నది స్పష్టంగా చెప్పి వెళ్లండి. ఆదివారం ఆరాధన అయిపోగానే హడావుడిలో అడగడం కంటే, వారం మధ్యలో తీరిక చూసుకొని వెళ్తే పని అవుతుంది. రిజిస్టరును మీరు బయటకు తేవద్దు, అక్కడే కిటికీ వెలుతురులో ఫొటో తీసుకోండి.

ఏ మిషను సంఘమో తెలిస్తే రిజిస్టరును ఎలా చదవాలో తెలుస్తుంది. గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాల్లో, మెదక్, దోర్నకల్ వైపు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి, ఆ తేదీ పుట్టిన తేదీకి దగ్గరగా ఉంటుంది. కతోలికుల జ్ఞానస్నానం రిజిస్టరు కూడా అంతే. ఒంగోలు, నెల్లూరు, కాకినాడ వైపు బాప్టిస్టు సంఘాల్లో, నరసాపురం వైపు బ్రదరన్ సంఘాల్లో వయసు వచ్చి విశ్వాసం ఒప్పుకున్నాకే కాలువలోనో చెరువులోనో ముంచుతారు కాబట్టి, అక్కడి తేదీని బట్టి వయసు లెక్కకట్టకూడదు. అయితే ఆ రోజును ఆమె జీవితంలో ఒక మలుపుగా రాయవచ్చు. వేర్వేరు మిషను సంఘాలు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అంతకు ముందు పుట్టినవారి రిజిస్టరు మీద ఆంగ్లికన్ అనో, వెస్లియన్ అనో వేరే పేరు కనబడితే కంగారుపడవద్దు.

పూర్వీకుల గురించి ఇంట్లో చెప్పుకునే మాటలను కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. ఒంగోలు ప్రాంతంలో చాలా ఇళ్లలో “మా ముత్తాత క్లౌ దొరగారి చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు” అన్న మాట వినబడుతుంది. క్లౌ ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించడం, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరగడం చరిత్రే. కాని మీ ముత్తాత ఆ రోజు అక్కడ ఉన్నాడని చెప్పే కాగితం లేకపోతే, “అని మా ఇంట్లో చెప్పుకుంటారు” అని రాయండి. ఆ మాట జోడించినందువల్ల గౌరవం ఏమీ తగ్గదు. అమ్మమ్మ మిషను బోర్డింగులో చదివి ఉంటేనో, బైబిలు స్త్రీగా, అంటే ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చెప్పే మిషను ఉద్యోగినిగా, జీతం తీసుకొని ఉంటేనో మాత్రం మిషను పత్రాల దాకా వెళ్లడం దండగ కాదు. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌లోనూ, మెథడిస్టు మిషను, లండన్ మిషనరీ సొసైటీ పత్రాలైతే లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన సోయాస్ కళాశాల గ్రంథాలయంలోనూ వెతకవచ్చు. తక్కినవారికి ఆ ప్రయాస అక్కరలేదు.

గుడి రిజిస్టరులో కరుణమ్మ, రేషన్ కార్డులో కోటమ్మ అని ఉండటం మనలో కొత్త కాదు. షెడ్యూల్డు కులాల హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే పరిమితమని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణలు చెబుతున్నాయి. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల్లోని సి విభాగం (బి.సి.–సి) కింద లెక్కిస్తారు. ఎన్నో కుటుంబాలు రెండు పేర్లతో బతకడానికి గల కారణాల్లో ఇదొకటి. ఈ సంగతిని పుస్తకంలో ఎంతవరకు రాయాలో మీ ఒక్కరి ఇష్టం మీద వదిలేయరాదు. చదువుల్లో, ఉద్యోగాల్లో ఉన్న పిల్లల మీద దాని ప్రభావం పడుతుంది కాబట్టి, బతికి ఉన్నవారి సర్టిఫికెట్ల జోలికి పోకుండా, అమ్మమ్మను ఊరంతా ఏ పేరుతో పిలిచిందో ఆ పేరుతో రాయండి.

ఐదవ పని: ఆమె బైబిలును, పెట్టెను విప్పి చూడటం

చీరలు, గిన్నెలు పంచుకోకముందే ఈ పని జరగాలి. బైబిలును దులపకుండా, పేజీల మధ్య ఉన్నవాటిని కదపకుండా, మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఫొటోలు తీయండి. లోపలి అట్ట మీద పిల్లలు పుట్టిన తేదీలు ఉండవచ్చు, వాటిలో ఒకటి పురిట్లోనే పోయిన బిడ్డది కావచ్చు. మా ఇంట్లో పెద్దావిడ బైబిలులో మందుబిళ్లల అట్టముక్క, ఎండిన మట్టాకు, మనియార్డరు రసీదు, మడతలు పెట్టి పెట్టి చిరిగిన పది రూపాయల నోటు దొరికాయి. కీర్తనల గ్రంథం దగ్గర పేజీల కింది మూలలు బొటనవేలి తడికి గోధుమరంగుకు తిరిగి గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఆచార నియమాలతో నిండిన లేవీయకాండం మాత్రం అంగడి నుంచి తెచ్చిననాటి తెల్లదనంతో ఉంది. ఎవరైనా ఇంతకంటే నిజాయితీగా తన చదువును గురించి చెప్పుకోగలరా? గీత గీసిన వచనాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకొని, పక్కన తేదీ ఉంటే ఆ సంవత్సరం ఇంట్లో ఏమి జరిగిందో పోల్చి చూడండి. చదువు రాని అమ్మమ్మ అయితే బైబిలు చదివి వినిపించిన మనవడో మనవరాలో ఎవరని విచారించి, ఏ భాగం మళ్లీ మళ్లీ చదవమనేదో వారిని అడగండి.

పాత ఫొటోల విషయంలో నాలుగు మాటలు చాలు. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకవద్దు, ఫ్రేముతో సహా నీడలో, ఫ్లాష్ లేకుండా తీయండి. విడిగా ఉన్నవాటిని స్కానరు మీద 600 డీపీఐతో స్కాన్ చేయించండి. లామినేషన్ జోలికి పోకండి. వెనుక పేర్లు రాయాలంటే బాల్ పెన్ను వాడక మెత్తటి పెన్సిలుతో రాయండి.

ఆరవ పని: రాయడం

పుట్టుక నుంచి మరణం దాకా వరసగా రాయాలన్న నియమం లేదు. మూడో వంతు ఆమె బాల్యం, పెండ్లి, పిల్లలు, కష్టాలు అయితే, తక్కినదంతా ఆమె చేతి పని అయితే నాకు బాగుంటుంది. గుడి పని, ఇంటి పని అని అధ్యాయాలు విడదీయవద్దు, ఎందుకంటే ఆమె వాటిని విడదీసి ఎరుగదు. కోతల పండుగకు మొదటి సొరకాయను ఎవరినీ కోయనివ్వకుండా గుడికి మోసుకెళ్లి, అక్కడ వేలంలో మళ్లీ తనే పాడుకొని ఇంటికి తెచ్చి పిల్లలకు కూర వండిందంటే, అది ఏ అధ్యాయంలోకి వస్తుంది?

రాసిన ప్రతి విశేషణాన్ని పట్టుకొని ఋజువు అడగండి. “అమ్మమ్మ గొప్ప ప్రార్థనాపరురాలు” అని మీరు రాసుకొని ఉంటే, దాన్ని కొట్టేసి ఇలా రాసి చూడండి: “నాలుగింటికి లేచి, దీపం వెలిగించకుండా మంచం పట్టె మీద చేతులు పెట్టుకొని, పిల్లల పేర్లు పెద్దవాడి నుంచి చిన్నదాని దాకా వరసగా చెప్పేది, మిలిటరీలో ఉన్న అల్లుడి పేరు దగ్గర కాసేపు ఆగేది.” రెండవది చదివినవారికి మొదటి మాట వేరే చెప్పనక్కరలేదు. ఆమె మాటలను ఆమె యాసలోనే ఉంచండి. మీ వాక్యాలు గ్రాంథికానికి దగ్గరగా ఉన్నా, ఆమె నోట “యాడికి పోతన్నావురా” అనే రావాలి.

కోపాలు, పట్టుదలలు కూడా రాయాలి. సంఘంలో రెండు పార్టీలై తగవు వచ్చిన రోజుల్లో ఆమె ఎటు నిలబడింది, కొడుకు వేరే మతం అమ్మాయిని చేసుకుంటే ఎన్నాళ్లు మాట్లాడలేదు, చివరికి ఎవరు మొదట పలకరించారు అన్నవి లేకపోతే మనిషి కనబడదు, పటం కనబడుతుంది. అయితే తగవులో అటువైపు ఉన్నవారు ఇంకా బతికి ఉంటే వారి పేర్లు వద్దు. సంగతి ఉంచి పేరు తీసేయవచ్చు. ఇంట్లో గుడికి వెళ్లడం మానేసినవారు ఒకరుంటారు, వారి చేత ఒక పేజీ తప్పక రాయించండి. నా అనుభవంలో అందరికంటే మంచి పేజీ వారిదే అవుతుంది, ఎందుకంటే అమ్మమ్మ వారిని ఎలా భరించిందో వారికే తెలుసు.

కూడికలో చదవడానికి దీని నుంచే రెండు పేజీలు వేరుగా తీయండి. ఐదు నిమిషాలు మించకుండా చూసుకోండి, తరువాత వాక్యం, సాక్ష్యాలు, భోజనాలు ఉంటాయి. జీవితమంతా కుదించి చదవకుండా ఒక్క సంఘటనను పూర్తిగా చదివితే వినేవారు కదలకుండా వింటారు.

ఏడవ పని: అచ్చు వేయించడం

మీరు ఫోనులో, కంప్యూటరులో టైపు చేసేది యూనికోడ్. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని “అను” అనే పాత ఫాంట్లలో పని చేస్తారు, మీ ఫైలును మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు, సున్నలు, అర్ధాక్షరాలు చెదిరిపోతాయి. కాబట్టి టైపు చేసినప్పుడు ఒకసారి దిద్దాను కదా అనుకోకుండా, మార్చాక వచ్చిన ప్రూఫును కాగితం మీద అచ్చు తీయించి, ఇద్దరు వేర్వేరుగా దిద్దండి. పేర్లను, సంవత్సరాలను ఒకరు పైకి చదువుతుంటే మరొకరు సరిచూడాలి. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. 48 పేజీలు అనుకూలమైన లెక్క. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి లేదా పెన్‌డ్రైవులో ఇవ్వండి. చదివేవారిలో సగం మంది అరవై దాటినవారే కాబట్టి అక్షరం పెద్దదిగా, వరసల మధ్య చోటు ఎక్కువగా ఉంచమని చెప్పండి. మెరిసే కాగితం మీద లైటు పడి వారికి చదవడం కష్టమవుతుంది, లోపలి పేజీలకు మామూలు మాప్లితో కాగితమే మేలు.

కూడికకు వచ్చే కుటుంబాల లెక్క వేసి, దానికి మరికొన్ని కలిపి వేయించండి. ఒక ప్రతిని సంఘం రిజిస్టర్లతో పాటు బీరువాలో ఉంచమని పాస్టరుగారికి ఇవ్వండి. మాట్లాడినవారి ఇంటికి మీరే తీసుకెళ్లి ఇవ్వండి, చదవలేనివారికి వారి మాటలున్న పేజీ చదివి వినిపించి రండి. రికార్డింగులు, స్కాన్‌లు, చివరి పీడీఎఫ్ కలిపి ఒక హార్డ్‌డిస్కులో, ఒక క్లౌడ్ ఖాతాలో, వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర ఒక పెన్‌డ్రైవులో పెట్టండి. పుస్తకం పంచిన వారంలోగా “ఆ ఫొటోలో ఉన్నది మా అక్క కాదు, మా మేనత్త” అంటూ ఫోన్లు మొదలవుతాయి. ఒక ప్రతిని దిద్దుబాటు ప్రతిగా పెట్టుకొని, ఎవరు ఎప్పుడు ఏమి చెప్పారో పెన్సిలుతో ఆ పేజీ అంచులోనే రాసుకుంటూ ఉండండి.